చిన్న బంగారు పలుకుల కోసం ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి?

ప్రశ్న: నేను చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటున్న విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఏప్రిల్‌లో నేనూ నా భార్యా అక్కడ ఆరు నెలలు ఉండి రావాలని బయలుదేరుతున్నాం. బెండిగో వైపు మామూలు మనుషులు కూడా డిటెక్టర్ పట్టుకొని నేలలోని చిన్న చిన్న బంగారు పలుకులు, అంటే ముక్కలు, ఏరుకుంటారని అబ్బాయి చెప్పినప్పటి నుంచి నాకూ ఆ కోరిక పట్టుకుంది. డెబ్బై ఎనభై వేలకు మించి పెట్టే స్తోమత లేదు. తిరుపతిలో ఒక వ్యక్తి, ఇరవై మీటర్ల లోతున ఉన్న బంగారాన్ని కూడా చూపించే యంత్రాన్ని లక్షన్నరకు ఇప్పిస్తానంటున్నాడు. అప్పు చేసైనా అదే తీసుకోవడం మేలా? తిరిగి వచ్చాక కుప్పం దగ్గర చిగురుగుంట గనుల చుట్టుపక్కల కూడా దాన్ని వాడుకోవచ్చా?

సమాధానం: అయ్యవారికి నమస్కారం. మీ చివరి రెండు ప్రశ్నలకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ డబ్బూ మీ మర్యాదా వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. తిరుపతిలో ఆ వ్యక్తి చూపిస్తున్న యంత్రాన్ని ఏ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. చిగురుగుంట వైపు ఏ డిటెక్టర్‌నూ పట్టుకొని వెళ్ళవద్దు. మెల్‌బోర్న్, బెండిగో ఉన్న విక్టోరియా రాష్ట్రంలో చిన్న పలుకులు వెతకడానికి మాత్రం మీరు అనుకున్న మొత్తంలోనే, కొత్తది కాకపోతే వాడినదైనా, నిజంగా పనికివచ్చే యంత్రం దొరుకుతుంది. దానిని ఇక్కడ కాకుండా అక్కడే కొనండి.

ఇరవై మీటర్ల మాట సంగతి ముందు తేల్చుకుందాం. డిటెక్టర్ చివర ఉండే గుండ్రటి పళ్ళెం లాంటి భాగాన్ని కాయిల్ అంటారు. అందులో ప్రవహించే విద్యుత్తు సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మార్చుకుంటూ చుట్టూ మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రంలోకి వచ్చిన లోహపు ముక్కలో సుడి ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే విద్యుత్తు, పుడతాయి, ఆ ప్రవాహాలు తమ సొంత అయస్కాంత క్షేత్రాన్ని వెనక్కి పంపుతాయి, దానిని కాయిల్‌లోని రెండో తీగచుట్ట అందుకుంటుంది. ఇందులో బంగారానికి ప్రత్యేకమైన గుర్తు ఏదీ లేదు. విద్యుత్తును ప్రసరింపజేసే ప్రతి వస్తువూ ఏదో ఒక స్థాయిలో పలుకుతుంది. కాయిల్ నుంచి బయలుదేరిన క్షేత్రం దూరంతో పాటు క్షీణిస్తుంది, ముక్క నుంచి తిరిగి వచ్చేదీ అలాగే క్షీణిస్తుంది. ఈ రెండు నష్టాలూ కలిసి, కాయిల్ వ్యాసార్థాన్ని బాగా దాటిన తరువాత, దూరం రెట్టింపైన ప్రతిసారీ చిన్న ముక్క ఇచ్చే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. సైన్సు చెప్పినవారు కనుక ఈ లెక్క మీకు ఇట్టే అర్థమవుతుంది. అంగుళాల్లో పలికే ముక్క అడుగుల్లో మౌనమైపోతుంది. మీటర్ల ప్రస్తావనే రాదు.

ఈ కారణం చేతనే, బియ్యపు గింజంత బంగారు పలుకును, అంటే సుమారు 0.3 గ్రాముల ముక్కను, మంచి డిటెక్టర్ కూడా అనుకూలమైన నేలలో రెండు మూడు అంగుళాల లోతులోనే పట్టుకోగలదు. ఒక గ్రాము ముక్కయితే నాలుగైదు అంగుళాలు. ఇటువంటి చిన్న పలుకును మీటర్ల లోతున పట్టుకుంటామని పేరున్న తయారీదారులెవరూ చెప్పుకోరు. ఇక చేతిలో పట్టుకుంటే రెండు కడ్డీలు వాటంతట అవే తిరిగి దూరాన ఉన్న బంగారం వైపు చూపిస్తాయని, తెర మీద భూగర్భపు బొమ్మ గీసి అందులో బంగారాన్ని పసుపు రంగులో చూపిస్తాయని చెప్పి అమ్మే పరికరాల వెనుక ఏ భౌతిక సూత్రమూ లేదు. గుప్తనిధుల ఆశ మన రాయలసీమలో ఎన్ని ఇళ్ళను కూల్చిందో, ఎన్ని గుళ్ళలో విగ్రహాల పీఠాలను పెకలించిందో మీకు తెలియనిది కాదు. ఆ ఆశను పెట్టుబడిగా పెట్టుకొని బతికే వ్యాపారమిది. అమ్మే మనిషి నేలలో తానే పాతిపెట్టిన ఉంగరాన్ని తానే చూపించి నమ్మిస్తాడు. ఒకసారి ఆయన్ని అడిగి చూడండి: అర గ్రాము బంగారపు ముక్కను మీరే, ఆయనకు కనబడకుండా, పది ఒకే రకం మట్టి గిన్నెల్లో ఒకదాని కింద పెడతారు, యంత్రం దానిని చూపించాలి, గిన్నెల వరస మార్చి మళ్ళీ మళ్ళీ చూపించాలి. ఈ పరీక్షకు ఒప్పుకొనే అమ్మకందారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇక అసలు విషయానికి వస్తే, చిన్న బంగారం కోసం కొనే యంత్రంలో మొదట చూడవలసింది ఫ్రీక్వెన్సీ, అంటే కాయిల్‌లోని విద్యుత్తు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క. పెద్ద నాణెం లాంటి వస్తువులో సుడి ప్రవాహాలు కొంతసేపు నిలుస్తాయి, కనుక తక్కువ ఫ్రీక్వెన్సీకి కూడా బాగా పలుకుతుంది. చిన్న పలుకులో అవి పుట్టిన వెంటనే చచ్చిపోతాయి. క్షేత్రం మరింత వేగంగా మారితే తప్ప చెప్పుకోదగ్గ సంకేతం రాదు. నాణేల వేటకు చేసిన సాధారణ డిటెక్టర్లు ఎక్కువగా 5 నుంచి 15 కిలోహెర్ట్జ్ (ఒక కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు వెయ్యి సార్లు) మధ్య పనిచేస్తాయి. బంగారం కోసమే చేసినవి 40 నుంచి 70 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 అనేది 45 దగ్గర, గారెట్ వారి గోల్డ్‌మాస్టర్ 24కె 48 దగ్గర, నోక్టా గోల్డ్ క్రూజర్ 61 దగ్గర, ఫిషర్ గోల్డ్ బగ్ 2 అనేది 71 దగ్గర పనిచేస్తాయి. పేరులో గోల్డ్ అన్న మాట ఉన్నంత మాత్రాన ఆ వర్గంలోకి రాదు. గారెట్ ఏటీ గోల్డ్ 18 కిలోహెర్ట్జ్ యంత్రం, ఫిషర్ గోల్డ్ బగ్ ప్రో 19 కిలోహెర్ట్జ్ యంత్రం. అవి చెడ్డవి కావు, గ్రాము దాటిన ముక్కలను పట్టుకుంటాయి, నాణేలకూ పనికివస్తాయి. మీరు అడిగింది చిన్న పలుకుల గురించి కనుక వాటిని రెండో వరుసలో పెడుతున్నాను. పెట్టె మీద డెప్త్ అని రాసిన అంకెలను చూసి మోసపోకుండా ముందు ఈ కిలోహెర్ట్జ్ అంకెను అడిగి తెలుసుకోండి.

ఫ్రీక్వెన్సీ పెంచితే ఒక నష్టం ఉంది, ఆ నష్టమే విక్టోరియాలో అసలు సమస్య. నేలలో ఉండే ఇనుప ఖనిజం కూడా కాయిల్‌కు స్పందిస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఆ గోల కూడా పెరుగుతుంది. మీరు తరగతిలో చూపించే ఉంటారు: ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ఎండిన ఎర్రమట్టిలో అటూ ఇటూ ఆడిస్తే నల్లని సన్నని రేణువులు దానికి అంటుకుంటాయి. మ్యాగ్నటైట్ రేణువులవి. అవి ఎంత ఎక్కువగా అంటుకుంటే ఆ నేల డిటెక్టర్‌కు అంత కష్టం. బెండిగో, డనాలీ, మేరీబరో పరిసరాల నేలల్లో ఇనుప రాళ్ళు విస్తారంగా ఉంటాయి. అక్కడ అనుభవజ్ఞులు పల్స్ ఇండక్షన్ అనే వేరే పద్ధతిలో పనిచేసే యంత్రాలు వాడుతారు. అవి క్షేత్రాన్ని ఒక్కసారిగా ఆపివేసి, నేల స్పందన సద్దుమణిగిన తరువాతి క్షణాల్లో లోహం నుంచి మిగిలిన ప్రతిధ్వనిని వింటాయి, అందువల్ల ఇనుప నేలలో ఎంతో ప్రశాంతంగా ఉంటాయి. మైన్‌ల్యాబ్ ఎస్‌డీసీ 2300, జీపీఎక్స్ 6000 అటువంటివే. వాటి ధర మీ మొత్తానికి కొన్ని రెట్లు. ఆరు నెలల ముచ్చటకు అంత పెట్టడం నాకు సమంజసంగా అనిపించదు. ఆ బంగారు సీమల్లో కొన్ని దుకాణాలు యంత్రాలను రోజు లెక్కన అద్దెకు ఇస్తాయి, అంతగా కోరిక ఉంటే ఒకటి రెండు రోజులు అద్దెకు తీసుకొని తేడా చూడండి.

మీకు మిగిలిన దారి అధిక ఫ్రీక్వెన్సీ యంత్రమే కనుక, అందులో నేల గోలను అణచే ఏర్పాటు ఎలా ఉందో రెండో ప్రశ్నగా అడగాలి. దీనిని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. కొన్ని యంత్రాల్లో దానిని చేత్తో సరిచేసుకోవాలి: కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ, హెడ్‌ఫోన్‌లో వినిపించే సన్నని హోరు ఎత్తు మారినా మారకుండా ఉండేంత వరకు గుండీని తిప్పాలి. నాలుగు అడుగులు వేస్తే నేల మారుతుంది, మళ్ళీ తిప్పాలి. కొన్ని యంత్రాలు ఈ పనిని తమంత తామే చేసుకుంటూ పోతాయి. చేత్తో సరిచేసే యంత్రం నేర్పరి చేతిలో మరింత సన్నని ముక్కను వినిపిస్తుందన్న మాట నిజమే. అయినా చెవి ఇంకా అలవాటు పడని మొదటి నెలల్లో స్వయంచాలకంగా సరిదిద్దుకొనే యంత్రమే మనిషిని నిలబెడుతుందని నా అభిప్రాయం.

ఈ రెండు కారణాల వల్ల మీకు గోల్డ్ మాన్‌స్టర్ 1000 అనుకూలమని చెబుతాను. నేల మార్పును అదే గమనించుకుంటుంది, సెన్సిటివిటీని కూడా తానే అమర్చుకొనే సదుపాయం ఉంది, మీటలు కొద్దిగానే ఉంటాయి. అన్ని లోహాలనూ వినిపించే పద్ధతి ఒకటి, ఇనుమును తగ్గించి వినిపించే పద్ధతి ఒకటి ఉన్నాయి. సాధారణంగా దానితో రెండు కాయిల్స్ వస్తాయి: ఒకటి 10 అంగుళాల పొడవుండే కోలగా ఉన్నది, మరొకటి 5 అంగుళాల గుండ్రటిది. కొత్తది వెయ్యి ఆస్ట్రేలియా డాలర్లు దాటుతుంది. వాడినదైతే మీ మొత్తంలో ధారాళంగా ఇముడుతుంది. ఆ సంస్థ ఆస్ట్రేలియాదే, అడిలైడ్‌లో ఉంది, కనుక మరమ్మతుకు ఇబ్బంది ఉండదు. ఇక్కడ కొనవద్దని చెప్పడానికి అదొక కారణం. ఆ పేరుతో నకిలీలు విరివిగా తిరుగుతుండడం రెండో కారణం. వాడినది కొనేటప్పుడు సీరియల్ నంబర్‌ను సంస్థకు రాసి సరిచూసుకున్న తరువాతే డబ్బు చేతికివ్వమని మీ అబ్బాయికి చెప్పండి.

గోల్డ్ బగ్ 2 గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెర లేని పాతకాలపు యంత్రం, రెండు 9 వోల్టుల బ్యాటరీలతో నడుస్తుంది, నేల తీరును బట్టి మార్చుకొనే మూడు స్థాయిల మీట ఒకటి, మిగిలినదంతా చెవి. ఆవగింజ కంటే కొంచెం పెద్ద ముక్కను కూడా వినిపించగల సున్నితత్వం దానిది. ఇనుప నేలలో మాత్రం సతాయిస్తుంది. చవకగా వాడినది దొరికి, ఓపిక ఉంటే తీసుకోవచ్చు. మీ భార్యతో కలిసి సముద్రతీరంలో నాణేలు వెతకాలన్న ఆలోచన కూడా ఉంటే మైన్‌ల్యాబ్ ఎక్వినాక్స్ 900 పరిశీలించండి, అందులో బంగారం కోసం ప్రత్యేక పద్ధతి ఉంది. అదే వరుసలోని 700లో ఆ పద్ధతి లేదన్నది గుర్తుంచుకోండి.

కాయిల్ విషయంలో చాలామంది పెద్దదైతే లోతుగా చూస్తుందని పెద్దదే అడుగుతారు. పెద్ద ముక్క విషయంలో అది నిజం. చిన్న పలుకు విషయంలో, పెద్ద కాయిల్ ఒకేసారి ఎక్కువ నేలను చూస్తుంది కనుక నేల గోల పెరిగి, పలుకు ఇచ్చే సన్నని సంకేతం అందులో మునిగిపోతుంది. రాళ్ళ సందుల్లోకి, చెట్ల వేళ్ళ మధ్యకు దూరేది కూడా చిన్న కాయిలే. మొదట కోల కాయిల్‌తో నేల మీద తిరిగి, ఒక పలుకు దొరికిన చోట 5 అంగుళాల దానిని బిగించి ఆ చుట్టుపక్కల అంగుళం అంగుళం వెతకడం మంచి పద్ధతి, ఎందుకంటే బంగారం ఒంటరిగా ఉండడం అరుదు.

యంత్రం కొనే ముందు దుకాణంలోనే పరీక్షించండి. చాలామంది వేలి ఉంగరం తీసి కాయిల్ ముందు ఊపి, ఎంత దూరం నుంచి మోగుతోందో చూసి మురిసిపోతారు. ఆ పరీక్షకు విలువ లేదు. ఉంగరం మూసిన వలయం కనుక సుడి ప్రవాహం దానిలో హాయిగా తిరుగుతుంది, అంతే బరువున్న పలుకు కంటే ఎన్నో రెట్లు బిగ్గరగా పలుకుతుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం సన్నని గొలుసు: పది గ్రాములున్నా ఒక్కొక్క లంకె విడివిడిగా చిన్న వస్తువుగా ప్రవర్తించడం వల్ల కొన్ని యంత్రాలు దానిని దాదాపు వినవు. మీ భార్య దగ్గర రాయి లేని గట్టి ముక్కుపుడక ఉంటే, లేదా విరిగిన కమ్మల శీల ఒకటి ఉంటే, అది సరైన పరీక్ష వస్తువు. అది లేకపోతే గాలానికి కట్టే సీసపు గుండులో చిన్న ముక్క కత్తిరించి వాడండి, సీసం బంగారానికి దగ్గరగానే పలుకుతుంది. ఆ ముక్కను ఒక మామూలు ప్లాస్టిక్ బిళ్ళకు అంటించండి. పాత ఏటీఎం కార్డుకు అంటించవద్దు, దాని చిప్‌లోని లోహమే మోగి మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. పరీక్ష ఇంటి లోపల చేయకండి. కాంక్రీటు నేలలోని ఇనుప కడ్డీలు, గోడల్లోని కరెంటు తీగలు, ఇన్వర్టర్, వైఫై అన్నీ కలిసి యంత్రాన్ని అల్లరి పెడతాయి. ఆరుబయట, చేతి గడియారం తీసి, ఫోన్ దూరంగా పెట్టి, ముందు బిళ్ళను నేల మీద ఉంచి, తరువాత అర అంగుళం మట్టి కప్పి, తరువాత అంగుళం కప్పి వినండి. ఒకే నేలలో, ఒకే బిళ్ళతో రెండు యంత్రాలను పోల్చి చూస్తే పుస్తకాల్లోని వర్ణనలన్నిటికంటే ఎక్కువ తెలుస్తుంది.

లోహాలను వేరుచేసి చెప్పే డిస్క్రిమినేషన్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అలిపిరి తనిఖీ కేంద్రంలో భద్రతా సిబ్బంది చేతిలో ఉండే డిటెక్టర్ ఏ లోహమో చెప్పదు, మోగుతుంది అంతే. మీరు జేబు తీసి చూపించాలి. బంగారం యంత్రం అంతకంటే కొంచెం ఎక్కువ చెబుతుంది, కానీ ముక్క చిన్నదై, నేల ఇనుప నేల అయితే, బంగారాన్ని ఇనుమని పొరబడడం మామూలే. సిగరెట్ పెట్టెలోని రేకు, పలుచని పలుకు, డబ్బా మూత తీసే లాకు చాలాసార్లు ఒకేలా పలుకుతాయి. అందువల్ల మొదటి నెలంతా అన్ని లోహాలనూ వినిపించే పద్ధతిలోనే ఉంచి, మోగిన ప్రతిదానినీ తవ్వండి.

తవ్వే తీరు కూడా చెబుతాను, ఎందుకంటే యంత్రం ఎంత మంచిదైనా ఇక్కడ తొందరపడితే అంతా వృథా. కాయిల్‌ను నేలకు రాసుకుంటూ, ఒక ఊపు మీద మరొక ఊపు సగం పడేటట్టు, నింపాదిగా ఆడించండి. అంగుళం పైకెత్తి ఊపితే మీ చిన్న పలుకు లోతంతా గాలిలోనే ఖర్చైపోతుంది. సన్నని శబ్దం వినిపిస్తే బూటు అంచుతో పై మట్టిని ఒక అంగుళం పక్కకు గీకి, మళ్ళీ కాయిల్ ఆడించండి. శబ్దం పోతే అది గీకిన మట్టిలోకి వెళ్ళింది. శబ్దం పెరిగితే ఇంకా లోపలే ఉంది. గునపానికి అంటించుకున్న గట్టి అయస్కాంతాన్ని ఆ మట్టిలో తిప్పితే మేకులు, తుప్పు ముక్కలు దానికి వచ్చేస్తాయి. ఆ తరువాత కూడా మోగుతుంటే, ప్లాస్టిక్ చేటతో మట్టి తీసి, కాయిల్ ముందు ఊపి, మోగితే సగం పారబోసి, మిగిలిన సగాన్ని మళ్ళీ ఊపి, ఇలా సగం సగం చేసుకుంటూ చివరికి అరచేతిలో చిటికెడు మట్టి మిగిలే దాకా రావాలి. ఆ చిటికెడును కాయిల్ మీద కొద్దికొద్దిగా జార్చండి. బంగారం పడినప్పుడు ఠక్కుమని పలుకుతుంది. ఈ పని చేసే చేతికి ఉంగరం గానీ కంకణం గానీ ఉండకూడదు. మీ భార్య చేట పట్టుకుంటే గాజుల సంగతి ముందే చెప్పండి. గాజు గాజులకు ఇబ్బంది లేదు. ఉక్కు ముక్కు ఉన్న బూట్లు కూడా వద్దు.

విక్టోరియాలో ఎక్కడ వెతకాలో అబ్బాయి కనుక్కుంటాడు కానీ ఎందుకు అక్కడ పలుకులు దొరుకుతాయో మీకు తెలిసి ఉండడం మంచిది. అక్కడి పలుగురాతి చారల్లోని బంగారం కొంత ముతకగా, ముద్దలుగా ఏర్పడింది. కొండలు అరిగిపోయినప్పుడు బరువైన ఆ ముద్దలు దూరం కొట్టుకుపోకుండా వాలు మట్టిలో, వాగు అడుగున నిలిచిపోయాయి. 1851లో మొదలైన బంగారు వెర్రిలో లక్షల మంది వచ్చి పెద్దవాటిని ఏరుకున్నారు. చేతి పనిముట్లతో వారి కంట పడని చిన్నవి పాత తవ్వకాల అంచుల్లో, వారు పారబోసిన మట్టి గుట్టల్లో ఉండిపోయాయి. 1980లో కింగోవర్ దగ్గర ఒక వ్యక్తి డిటెక్టర్‌తో 27 కిలోల ముద్దను తీసిన మాట నిజమే. ఆ కథ మీద లెక్కలు వేసుకోకండి. చాలా రోజులు సీసపు గుండ్లు, మేకులు మాత్రమే ఇంటికి వస్తాయి. ఖర్చు తిరిగి వస్తుందన్న భరోసాతో కొనేవారికి ఈ యంత్రం కొనమని నేను చెప్పను.

అక్కడ మైనర్స్ రైట్ అనే అనుమతి పత్రం ముందే కొనుక్కోవాలి. ధర స్వల్పం, విక్టోరియాలో పదేళ్ళు చెల్లుతుంది, దొరికిన బంగారం మీదే అవుతుంది. వెతికే ప్రతి మనిషికీ వేరుగా ఉండాలి, మీ భార్యకు కూడా. చేతి పనిముట్లతోనే తవ్వాలి, తవ్విన ప్రతి గుంటనూ పూడ్చాలి, ప్రైవేటు భూమి అయితే యజమానిని అడగాలి, ఆదివాసుల వారసత్వ స్థలాలను ముట్టుకోకూడదు. జాతీయ ఉద్యానాల్లో చాలా చోట్ల నిషేధం ఉంది, కొన్నింటిలో గుర్తించిన భాగాల్లోనే అనుమతి ఉంది. ప్రభుత్వ పటాలు చూసుకొనే బయలుదేరండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ అడవుల్లో నూటయాభై ఏళ్ళ నాటి గని బావులు గట్లు లేకుండా, పొదల చాటున నోరు తెరుచుకొని ఉంటాయి. హెడ్‌ఫోన్ పెట్టుకొని నేల చూస్తూ వెనక్కి అడుగు వేసే మనిషికి అవి కనబడవు. ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళవద్దు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు చల్లటి కాలం కావడం, పాముల బెడద తగ్గడం మీకు కలిసివచ్చే విషయం.

ఇప్పుడు చిగురుగుంట సంగతి. కుప్పం పక్కన గుడుపల్లె మండలంలోని ఆ గనులు కోలారు శిలా పట్టీకి దక్షిణపు కొనసాగింపు. చిగురుగుంట, బిసానత్తం గనులను కోలారుతో పాటు భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే నడిపింది. 2001లో ఆ సంస్థ మూతపడడంతో అవీ మూతపడ్డాయి. అక్కడ బంగారం ఉంది, అందులో అనుమానం లేదు. అయితే అది పలుగురాతిలో, నల్లటి శిలలో కంటికి కనబడనంత సన్నగా పొదిగి ఉంటుంది. టన్ను రాయిని పిండి చేసి, సైనైడ్ ద్రావణంలో నానబెడితే కొన్ని గ్రాములు వస్తాయి. డిటెక్టర్ మొత్తం బరువును లెక్కపెట్టదు, ఒక్కొక్క ముక్కను విడిగా వింటుంది. ఐదు గ్రాముల బంగారం టన్ను రాయిలో ధూళిగా పరచుకొని ఉంటే దాని మీద ఏ యంత్రాన్ని నిలబెట్టినా మౌనమే. అర గ్రాము ఒకే ముక్కగా ఉంటే పలుకుతుంది. 1802లో బ్రిటిష్ సైనికాధికారి జాన్ వారెన్ కోలారు ప్రాంతానికి వచ్చినప్పుడు గ్రామస్థులు బండ్ల మీద మట్టి తెచ్చి ఆయన ముందు నీళ్ళలో గాలించి బంగారు రేణువులు చూపించారు. ఆ రేణువులు గాలిస్తే దొరికేవి, వినిపించేవి కావు.

దొరుకుతుందా లేదా అన్నది పక్కన పెట్టినా, చట్టం ఒప్పుకోదు. గనులు, ఖనిజాల 1957 నాటి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఖనిజాన్వేషణ చేయడమే నేరం. దానికి ఐదేళ్ళ వరకు జైలు, హెక్టారుకు ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. భూమి మీదే అయినా ఇదే వర్తిస్తుంది. ఆ వైపు అడవుల్లో పెద్ద భాగం కౌండిన్య అభయారణ్యం. ఏనుగులు తిరిగే చోట గునపంతో కనబడితే అటవీ అధికారులకు మీరు ఏం చెప్పగలరు? శేషాచలం కొండలకూ ఇదే మాట. చంద్రగిరి కోట వంటి రక్షిత కట్టడాల దగ్గర నేల తవ్వడం వేరే నేరం. పాత నాణేలో నగలో దొరికితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్నది ఏదైనా కలెక్టరుకు తెలియజేయాలి, దాచకూడదు. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని చేతిలో డిటెక్టర్ చూసి ఊళ్ళోవాళ్ళు గుప్తనిధుల ముఠాలో జమకట్టడం నాకు ఊహించడానికే బాధగా ఉంది. మీ సొంత పొలంలో నాట్ల వేళ జారిపోయిన ముక్కుపుడకను వెతకడానికి వాడుకోవచ్చు, అందులో తప్పు లేదు, ఆ పనిని ఈ యంత్రం చక్కగా చేస్తుంది కూడా.

తిరుగు ప్రయాణంలో లిథియం బ్యాటరీని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనివ్వరు. దొరికిన పలుకులను జేబులో వేసుకొని మౌనంగా బయటికి నడవకండి. సుంకం లేకుండా తెచ్చుకొనే మినహాయింపు నగలకు మాత్రమే, అది కూడా ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవారికే. ఆరు నెలల మీ ప్రయాణానికి అది వర్తించదు, ముడి పలుకులు నగల కిందికి రావు. ఎంత చిన్నవైనా కస్టమ్స్ ఎర్ర మార్గంలో ప్రకటించి, ఎంత సుంకం పడితే అంత కట్టండి. అక్కడే తూకం వేయించిన రసీదు, మీ మైనర్స్ రైట్ నకలు ఆ పలుకులతో పాటు ఒకే కవరులో ఉంచుకుంటే అధికారికి చూపించడం తేలిక.